బావగారి కారుకు నాలుగు టైర్లు

బావగారికి,

అక్క చేతికిచ్చి పంపిన మీ చీటీ చదివాను. వేసవికి బాగా పట్టుండే టైర్లు ముందు చక్రాలు రెండింటికి వేస్తే చాలన్నారు. ఇంజను శక్తి పెంచి, బండి ఎత్తు నేలకు ఆనేంత తగ్గించి, పొగగొట్టం మార్చి ఊరంతా వినిపించిన మీకు, నాలుగు చక్రాలూ లాగే కారుకు నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలని ఎవరూ చెప్పలేదా? పన్నెండేళ్లుగా టైర్లు బిగిస్తున్నాను. మీ అంత ధీమా ఇంతవరకు ఎవరిలోనూ చూడలేదు.

వెనకవి బోడిగుండులా నున్నగా ఉన్నాయి. వీటితో బండి ఎక్కడైనా జారిందా అని అక్కను అడిగాను.

"మొన్న వానలో మలుపు దగ్గర బండి గిర్రున తిరిగిందిరా. పాప వెనక నిద్రపోతోంది. మీ బావ దిగి, రంగు గీసుకుపోయిందేమో చూసుకున్నారు" అంది.

పాప వైపు చూడలేదట.

వేసవి టైర్లే, వాననీళ్లను బాగా చిమ్మే రకం, నాలుగూ వేశాను. కారు అక్క పేరు మీదే ఉంది కాబట్టి తాళాలు ఆమెకే ఇచ్చాను. ఇకనుంచి తనే నడుపుతుందట. మీరు ఎక్కాలంటే ముందు అడగాలట.

మీ బావమరిది