సైకిలు పక్కన పరుగు

అక్కకి,

నన్ను పరుగు జట్టులోంచి తీసేసింది మా క్రీడా సంఘం కార్యదర్శి. మడమలు వాచిన కుర్రాళ్లని కూడా ఎందుకు పరుగెత్తిస్తున్నారని అందరి ముందూ అడగడమే నా నేరం. నోరున్నవాడికి కాళ్లుండకూడదని ఆయన సిద్ధాంతం. నువ్వు కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఈత, సైకిలు, పరుగు వరసగా ఉండే ట్రయథ్లాన్‌లోకి మారాను. పరుగు నన్ను వదల్లేదు, కాకపోతే ఒంట్లో ఏమీ మిగలని వేళ వస్తుంది.

మొన్న సాధన పందెంలో ఇక్కడి సరస్సు నీళ్లలోంచి అందరికన్నా ఆఖరున తేలాను. సైకిలు అందుకుని, పాత అలవాటు కొద్దీ దాని పక్కనే పరుగు లంకించుకున్నాను. "ఒరేయ్, అది ఎక్కడానికిరా, షికారు తిప్పడానికి కాదు!" అని ఈత మాస్టారు అరిచేదాకా నాకు తెలియలేదు. నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది. ఇప్పటికీ భుజం లేవడం లేదు, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

అమ్మకి దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా, బావ ఎక్కి చూశాడా? ఇక్కడి సైకిలు సీటు బండరాయిలా ఉంది. అటక మీదున్న నాన్న సీటు మీరొచ్చేటప్పుడు తెండి. ఎందుకు రావాలంటే, వచ్చే ఆదివారం అసలు పోటీ. పూర్తిచేస్తే కొత్త జట్టులో చోటు, లేదంటే పెట్టె సర్దుకుని ఇంటికే. నేను ఒడ్డెక్కేసరికి చప్పట్లు కొట్టేవాళ్లంతా ముందువాళ్ల వెంట వెళ్లిపోయి ఉంటారు. ఖాళీ ఒడ్డు చూస్తే నా కాళ్లు కదలవక్కా.

అమ్మకి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. అందరినీ కూడగట్టుకుని ఆదివారం పొద్దున్న ఆరున్నరకి సరస్సు ఒడ్డుకి తరలి రండి.

నీ తమ్ముడు