తాళంచెవి ఎవరి జేబులో

చిరంజీవి తమ్ముడిని అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇంటి వరకు ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావకి దగ్గు తగ్గింది, నీ మేనకోడలికి ఉద్యోగం కుదురుకుంది. నువ్వూ, మరదలూ, పాపా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. పాపకి ముందు పన్ను ఊడిందని రాశావు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోందా? పెట్టుకోనివ్వకు. ఆ వయసులో నువ్వూ అలాగే నోరు మూసుకుని తిరిగేవాడివి. ఇప్పుడేమో మూస్తే ఒట్టు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నా మాటని సగంలోనే తుంచేస్తావు. కాగితమైతే చింపినా చదివాకే చింపుతావు.

ముందు నీ ప్రశ్నకి జవాబు. "లక్షల మంది నా వీడియోలు చూస్తున్నారు. లిఫ్టు పని చేసే మనవాళ్ల కంటికి మాత్రం నేనెందుకు ఆనడం లేదక్కా? మన సంఘం వాళ్లు శిక్షణ తరగతిలో పాఠం చెప్పమని ఒక్కసారైనా ఎందుకు పిలవరు?" అని రాశావు కదా. అన్నం తింటూ ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

నీ మేనకోడలు ప్రకటనల కంపెనీ మనిషి కాబట్టి ముందు తనే అందుకుంది. "ఎంతమంది చూశారన్నది మా ఆఫీసులో ఎవరికీ పట్టదమ్మా. చూసినవాళ్లు మళ్లీ వస్తున్నారా, ఏదైనా అడుగుతున్నారా, అదీ లెక్క. మామయ్యని జనం రోజూ సందేహాలు అడుగుతున్నారు. అంటే నమ్మినట్టే" అంది. దాని తూకంలో నువ్వు మేలిమి బంగారం. మీ బావ మాత్రం, "ముందు వీడియోల్లో వేసుకుంటున్న ఆ చేతి తొడుగులు ఎవరిచ్చారో అడుగు. ఊరికే ఇచ్చారా, పొగడమని ఇచ్చారా?" అన్నారు. ఇన్నేళ్లుగా మందుల షాపులో కూర్చున్న మనిషి. కంపెనీ సరుకు అంటగట్టడానికి వచ్చిన ప్రతివాడూ నవ్వుతూనే వచ్చాడట. అందుకే ఆయనకి నవ్వు మొహం కనిపిస్తే చాలు, అనుమానం. పెళ్లయిన కొత్తలో నన్నూ అలాగే చూసేవారులే.

మనవాళ్ల తీరు వేరని నీకు తెలియనిది కాదు. నిన్ను ఎవరు చూస్తున్నారు, ఎవరు మెచ్చుకుంటున్నారు అని వాళ్లు అడగరు. వీడిని నమ్మి నేను లిఫ్టు కిందుండే గుంటలోకి దిగుతానా లేదా, అంతే. దిగేముందు మెయిన్ స్విచ్చు ఆపి, దానికి నీ సొంత తాళం వేసి, తాళంచెవి నీ జేబులో వేసుకోవాలి. నీ తాళాన్ని ఇంకొకడు తీయకూడదు. భవనం యజమాని వచ్చి గుండెలు బాదుకున్నా సరే, ఆ చెవి నీ జేబు దాటి పోకూడదు.

జనం నెత్తిన పెట్టుకున్న ఆ 'గుంటలోకి దిగేముందు' వీడియో ఇంకోసారి చూడు. ఎర్ర తాళాన్ని తెర నిండా చూపించావు. "ఎంత జాగ్రత్త మనిషో!" అని కింద ఎందరో రాశారు. కానీ చెవి తాళానికే వేలాడుతోంది. ఒకే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ తీయాలి, ప్రతిసారీ స్విచ్చు వేసి ఆపాలి, అందుకని ఉంచేశావు. నాకు తెలుసు. కానీ మన పని తెలిసినవాడి కన్ను మొదట పడేది దాని మీదే. నిన్ను పిలవకపోవడానికి అసూయా కాదు, కుళ్లూ కాదు. అదొక్కటే కారణం.

ఈపాటికి నీకు కోపం వచ్చే ఉంటుంది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అంటావు. అక్కడికే వస్తున్నాను.

మా జట్టులో కొత్తగా ఒకతను చేరాడు. లారీ నడపడం మానేసి ఈ పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సిందే, అందుకని అందరం 'పొడుగు' అంటాం. పోయిన వారం ఒక పెద్ద భవనంలో పని. నేను పై అంతస్తులో తలుపులు చూస్తున్నాను. పొడుగు స్విచ్చు ఆపాడు, తాళం వేశాడు, చెవి దానికే వదిలేసి గుంటలోకి దిగాడు. లిఫ్టు ఇంకా ఎంతసేపని అందరూ మీద పడుతుంటే ఆ భవనం మేనేజరు మోటారు గదిలోకి వెళ్లాడు. తాళానికి చెవి కనిపించేసరికి పని అయిపోయిందనుకున్నాడు. తీసి స్విచ్చు వేశాడు. కింద ఎవరో బటన్ నొక్కారు.

పొడుగు మూలకి ఒదిగి ప్రాణం దక్కించుకున్నాడు. ఎడమ పాదం దక్కలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని, "మీ తమ్ముడుగారి వీడియోలో చెవి తాళానికే ఉంది కదక్కా! ఎక్కడా పడిపోకుండా అదో పద్ధతేమో అనుకున్నా" అన్నాడు.

తమ్ముడూ, ఆ వీడియో అతను వెతుక్కుని చూసింది కాదు. నేనే చూపించాను. నువ్వు దాన్ని పెట్టిన రోజే, భోజనాల దగ్గర ఫోను క్యారేజీకి ఆనించి, "మావాడే" అని గర్వంగా అందరినీ పిలిచాను. మా జట్టులో పెద్దాయన, అందరం తాత అంటామే, ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "చెవి తాళానికే ఉందేంటమ్మా?" అన్నాడు. తప్పని నాకు ఆ క్షణమే తెలుసు. పదిమందిలో నువ్వు చిన్నబోతావని, "వీడియో వాళ్ల తంటాలు నీకేం తెలుసు తాతా, తినవయ్యా" అని నవ్వేశాను. అందరూ నవ్వారు, పొడుగూ నవ్వాడు. తాత తల వంచుకుని ముద్ద కలుపుకున్నాడు. జట్టు పెద్దని నేను కదా మరి. పొడుగు నీ లక్షల మందిని చూసి నమ్మలేదురా. నన్ను చూసి నమ్మాడు.

మా లిఫ్టు కంపెనీ వాళ్లు తప్పంతా పొడుగుదే అంటున్నారు. నియమం చెప్పాం, విన్నానని సంతకం పెట్టాడు, నిర్లక్ష్యంతో పాటించలేదు, ఇక పరిహారంతో మాకు సంబంధం లేదు అన్నది వాళ్ల వాదన. నేను ప్రమాదం మీద విచారణకి వచ్చిన అధికారి ముందు కూర్చుని దాచకుండా అంతా చెప్పాను. నా పేరు చెప్పాను, నీ పేరూ చెప్పాను. జట్టు పెద్ద బాధ్యత నుంచి నన్ను తప్పించారు, అది న్యాయమే. కానీ ఆ అధికారి నీ వీడియో చూసి ఏమన్నాడో విను. "ఇంతమంది మెచ్చుకున్నదాంట్లో తప్పుంటే ఒక్కరైనా చెప్పేవారు కదమ్మా? మీరు మీ జట్టు మనిషిని కాపాడుకోడానికి చెబుతున్నారు" అన్నాడు. ఏళ్ల తరబడి గుంటల్లో దిగిన నా మాట అక్కడ నిలబడలేదు. నీ మాటైతే నిలబడుతుంది.

అందుకని ఆ వీడియోని చడీచప్పుడు లేకుండా తీసేయకు. అందులో తప్పుందని నువ్వే చెప్పు. నీకు పోయేది తక్కువేమీ కాదు. చూసేవాళ్లలో సగం మంది జారిపోతారని నీ మేనకోడలు అంటోంది. తొడుగుల కంపెనీ మొహం చాటేయొచ్చు. "ఒప్పుకుంటే ఆ రోజు నుంచి నేను నమ్ముతాను" అన్నారు మీ బావ. ఆయన ఒక్కరి నమ్మకంతో నీకు పూట గడవదని నాకూ తెలుసు. విచారణ ఈ వారంలో ముగించేస్తారట.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. పొడుగు నిద్రపోతున్నాడు. వాళ్లావిడ నన్ను వరండాలోకి తీసుకెళ్లి, "మీ తమ్ముడుగారు ఏం చెప్పినా జనం నమ్ముతారట కదక్కా. మా ఆయన నిర్లక్ష్యం మనిషి కాదని ఒక్క వీడియోలో చెప్పమంటారా?" అని అడిగింది. ఆవిడకి ఏమీ తెలియదు. తెలియనట్టే ఉంచి వచ్చేయొచ్చు. ఉండలేక, వీడియోలో ఏముందో, దాన్ని చూపించిందెవరో మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆవిడ మాత్రం, "అయితే మీ తమ్ముడుగారే కదక్కా చెప్పాల్సింది" అంది.

రేపు సాయంత్రం మళ్లీ వెళ్తున్నాను. ఆవిడకి ఏం చెప్పమంటావు?

ఇట్లు,
నీ మీద ప్రేమ ఎక్కువై తప్పు చేసిన
నీ అక్క