మీసం తియ్యను

చిరంజీవి పెద్దబాబుకు నాన్న దీవెనలు. ఇక్కడ మీ చెల్లి ఇంట్లో అందరం కులాసా.

నా మీసం చూస్తేనే తలుపు చాటుకు పరుగెత్తే నీ మేనకోడలు నిన్న నా చెయ్యి పట్టుకుందిరా అబ్బాయ్. పాతకోట తోటలో ఆకురాలు కాలం వేడుకలు పెట్టారు. అందులో ఒక ఆట: పిల్లల కళ్లకు గంతలు కట్టి ఒక చెట్టు దగ్గరికి నడిపించాలి. వాళ్లు తడిమి చూసి, గంతలు విప్పాక అదే చెట్టును వెతకాలి. చెల్లి చంకలో చంటివాడు, అందుకని నేనే నడిపించాను. పిల్ల చెట్టంతా తడిమింది, ఆ చేత్తోనే నా మీసమూ తడిమింది. "తాతా, నీకన్నా చెట్టే గరుకు" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

వచ్చే ఆదివారం పిట్టలు చూసే నడకకూ తాతే రావాలట. నాకు తిరుగు టిక్కెట్టు తియ్యకు, పాత బూట్లు పంపు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కోడలికి దీవెనలు. మీసం తీసేస్తానని పోయిన కార్డులో రాశాను, ఇక తియ్యనని మీ అమ్మతో చెప్పు.