శనివారం గుమ్మడికాయ

చింతామణి, గురువారం

నాయనా,

శనివారం పొద్దున మా లైబ్రరీలో గుమ్మడికాయ కథ చెప్తాండా. రెండేండ్ల, మూడేండ్ల పిల్లోళ్ళు పద్నాలుగు మంది, వాళ్ళ అమ్మలు, అవ్వలు వస్తాండారు. పిల్లోళ్ళు ముందు కాయను తట్టి చూస్తారు, తర్వాత కథ వింటారు. ఆఖర్న కాయ కోసి, గింజలు వాళ్ళ చేతుల్లో పెడతా.

గుమ్మడికాయకు తొలి కత్తి మగోళ్ళే పెట్టాలని, ఎంత పొద్దుపోయినా నువ్వు ఇంటికొచ్చేదాకా అమ్మ కాయను ముందర పెట్టుకుని కాచుకోనుండేది. ఇక్కడి అవ్వలు కూడా, "మగోళ్ళనెవురినైనా పిలిపించమ్మా" అన్నారు. నేనే కోస్తానని చెప్పేసినా.

మన చాకవేలు చేన్లో కాసిన పెద్దకాయ తీసుకుని నువ్వు రావాల. ముందువరసలో నీకు కుర్చీ వేసిపెడతా.

కత్తి మాత్రం తేవద్దు. నా దగ్గర ఉండాది.

నీ కూతురు,
లైబ్రరీ మేడమ్