నువ్వు తవ్విన బావి

సెప్టెంబరు ఏడు, ఆదివారం. ముసురు విడిచింది. బర్రెకు గడ్డి వేసి రాస్తున్నాను.

అన్నా, వరద నీ బావిని ఇసుకతో నింపేసింది. "పూడ్చేసి బోరేసుకుందాం" అన్నాడు బావిలో మనతో పాలున్న మల్లయ్య. నువ్వు పోయి మూడేళ్లయింది కదా, అడ్డుపడేవాడు లేడనుకున్నాడు. నేను పార తీసుకుని బావిలోకి దిగాను.

నిన్న జనగామ దిక్కున్న లింగాల ఘనపూర్ నుంచి పన్నెండుమంది రైతులు సాయానికొచ్చారు. ఎత్తిన ఇసుకను బావి అంచునే పోస్తుంటే మన చిన్నవ్వ కేకేసింది.

"ఓ జనగామోళ్లు! మళ్ల వానొస్తే గదంత లోపలికే జారుతది. మీ దిక్కు వానలు కొట్టయా ఏంది?"

"కొట్టకేం అవ్వా, మస్తుగ కొడ్తయి! బావిని జూసి ఆగలేక ఉరికినం."

నవ్వుకుంటూ అదంతా మళ్లీ ఎత్తి దూరంగా పోశారు.

పొద్దుగూకే వేళకు నువ్వు పేర్చిన పదకొండో మెట్టు బయటపడింది. దాని కింద నీటి ఊట. బురద నీళ్లే. మొదటి చేద ఎవరికీ ఇవ్వలేదు, నువ్వు కూర్చునే బండ మీద పోశాను.

"గిప్పుడు పూడ్సుమను, సూత్త!" అంది చిన్నవ్వ.

ఇసుక కింద ఇంకా ఆరు మెట్లున్నాయి. ఇప్పుడే వాకిట్లో ఎవరో దగ్గారు. మల్లయ్యే, చేతిలో తట్ట. ఆ తట్టలో మొదటి పార ఇసుక నేనే ఎత్తుతాను. ముందు బర్రె పాలు పిండాలి.