నువ్వు పంపిన చేతికర్ర

అరకు,
5 డిసెంబరు 2003

తమ్ముడు ధర్మకు,

నువ్వు సీలేరు నుంచి పంపిన చేతికర్ర అందింది. ఈ కీళ్లవాతంతో కాఫీ తోట చూసుకోలేనని, మీ క్వార్టర్సుకి వచ్చేయమని రాశావు. రాను. ఆ మొక్కలు నాటింది ఈ చేతులే.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్న మాట నిజం. మొన్న పళ్లు ఒక్కొక్కటీ తుంపలేక, విసుగొచ్చి కొమ్మంతా దూసేశాను. పచ్చికాయలు కూడా రాలిపోయాయి. పక్క తోట దేముడమ్మ చూసి, "ఏటి సేత్తన్నావప్పా? పచ్చివి కూడా దూసేత్తే రేపు ఏటి కోత్తావు?" అని కేకలేసింది. సిగ్గేసింది. అయినా తోట మానలేదు, తొందర మానేశాను.

కదలకుండా కూర్చుంటే కీళ్లు ఇంకా పట్టేస్తాయని డాక్టరమ్మ కూడా చెప్పింది. అందుకే ఇప్పుడు చేతులు కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టుకుని, ఎండెక్కాక తోటకి వెళ్తున్నాను. రెండు బుట్టలు కోసే చోట ఒకటే కోస్తున్నాను. అందులో పచ్చికాయ ఒక్కటి చూపించమను దేముడమ్మని!

నీ కర్ర భలే పనికొచ్చింది. దాని వంపు పిడిని పైకొమ్మకి తగిలించి వంచి, కింది కొసని చెట్టు మొదలుకి తాడుతో కట్టేస్తున్నాను. పళ్లు నా చేతికందే ఎత్తులోకి వస్తున్నాయి, భుజం నొప్పి లేదు.

కాకపోతే కర్ర పగలంతా చెట్టుకే ఉంటోంది. వాలులో దిగేటప్పుడు నా మోకాళ్లు దాని కోసం వెతుక్కుంటున్నాయి. ఈ మాట మరదలికి చెప్పకు.

ఇంకో కర్ర బేగి పంపు.

నీ అప్ప