లైబ్రరీ గోడ మీద నేను

ఫొటోలు తీసే అబ్బాయికి, బట్టలు కుట్టే ఆవిడ దీవెనలు. కోపంగా ఉన్నా దీవెన దీవెనే.

బాబూ, నేనెవరో నీకు తెలియదు. అయినా నన్ను నిలువెత్తున లైబ్రరీ గోడకి మేకు కొట్టి తగిలించావు. బూడిదరంగు కోటు నా చేత్తో కుట్టిందే. తలకి చుట్టిన ఉన్ని కండువా మా ఇంటిదే. బస్టాపు వెనక బెంచీ నాదే. మొహం సగమే పడింది కానీ ఆ సగం చాలు.

పైగా దాని కింద 'ఒంటరితనం' అని రాశావు. మా ఇంట్లో పదకొండుమందిమి. స్నానానికి వరసలో నించుంటాం. మంగళవారం మంగళవారం మోకాలి వ్యాయామానికని చెప్పి, ఆ బెంచీ మీద నలభై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటాను. నా బతుక్కి అదొక్కటే ఒంటరితనం. అదీ ఊడగొట్టావు.

మా రెండో కోడలు నీ ఫొటో చూసి ఏడుస్తూ ఇంటికొచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ నన్ను ఒక్కదాన్నే వదలడం లేదు. సూదిలో దారం ఎక్కించేలోపు ముగ్గురొచ్చి "దిగులుగా ఉందా?" అని అడుగుతున్నారు. దారం ఎక్కడం లేదని దిగులుగా ఉంది.

వెంటనే ఆ ఫొటో దింపెయ్యి. జవాబు ఇంటికి పంపకు. మా ఇంట్లో కవరు చింపే హక్కు అందరికీ ఉంది, నాకు తప్ప. లైబ్రరీ ఆవిడకివ్వు, ఆవిడ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది.

ఇట్లు,
గోడ మీది మనిషి

తా.క.: ఫొటో మాత్రం బాగా వచ్చింది. అది వేరే సంగతి.

*

గౌరవనీయులైన అమ్మగారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. పొద్దస్తమానం జనం నా ఎదురుగా కూర్చుని అద్దంలో చూసుకుంటూ మూతి సర్దుకుంటారు. అందుకే సెలవు దొరికితే కెమెరా పట్టుకుని, ఎవరూ చూడకుండా తీస్తాను. చెప్పి తీస్తే మనిషి బిగుసుకుపోతాడు. చెప్పకుండా తీస్తేనే అసలు మనిషి పడతాడు. ఆరోజు మీ కళ్ళలో దిగులు చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాంటి దిగులు ఎవరూ నటించలేరమ్మా.

ఫొటోల ప్రదర్శన నెలాఖరుదాకా ఉందని, మధ్యలో దింపడానికి లైబ్రరీవాళ్ళు ఒప్పుకోవడం లేదు. మీ మాట కాదనలేక పేరు మాత్రం మార్చాను. ఇప్పుడు 'ఎదురుచూపు' అని ఉంది. ఇక ఎవరూ మిమ్మల్ని ఒంటరి అనుకోరు.

ఇట్లు,
మీ క్షమాపణ కోరే
కెమెరా అబ్బాయి

తా.క.: దిగులు అసలు లేనే లేదా అమ్మా? కొంచెం కూడా?

*

కెమెరా అబ్బాయికి,

దిగులు లేదు నాయనా. సంచిలో రెండు బిస్కెట్లు ఉంటాయి. ఒకటి తిన్నాక రెండోది ఇప్పుడు తినాలా, లేచే ముందు తినాలా అని ఆలోచిస్తాను. నీకు కన్నీళ్ళు తెప్పించింది అదే.

ఇక నువ్వు చేసిన మేలు విను. 'ఎదురుచూపు' అని రాశావు. మా ఆయన చదివి వచ్చి నేరుగా అడిగారు.

"ఎవరికోసం?"

"బస్సు కోసం."

"మోకాలి డాక్టరు వీధిలోకి బస్సు లేదు."

నలభై ఏళ్ళు బస్సు డిపోలో వేళలు రాసిన మనిషి. ఆయనతో బస్సుల గురించి అబద్ధమాడటం నాదే తప్పు.

ఆ మర్నాటి నుంచి రోజూ గడ్డం గీసుకుంటున్నారు. మంగళవారం నా వెంటే బయల్దేరి, నా సంచి ఆయనే మోశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సంచికి ఆయన చెయ్యి తగలడం ఇదే మొదలు. చేసేదిలేక నిజంగానే మోకాలి డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆ డాక్టరు నా కాలు పట్టి గంటసేపు వంచాడు. వెళ్ళేటప్పుడు బాగున్న మోకాలు వచ్చేటప్పుడు బాగాలేదు.

ఏదో ఒకటి చేసి నా మొహం కనపడకుండా చెయ్యి.

ఇట్లు,
కుంటుతున్న మనిషి

తా.క.: బిస్కెట్లు మా ఆయనకి కనపడ్డాయి. రెండూ తినేశారు.

*

అమ్మగారికి,

మీ మోకాలికి నేనే కారణమైనందుకు నిద్ర పట్టడం లేదు. మీరు చెప్పినట్టే మొహం కనపడకుండా చేశాను. కళ్ళమీదుగా ఒక నల్ల పట్టీ అతికించాను. ఇప్పుడు కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఇంకో సంగతి. ఇకనుంచి అడగందే ఎవరి ఫొటోనూ తియ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆదివారం మొదలుపెట్టాను. పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగితే "ఉండు" అని ఇంటికెళ్ళి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యనీ ఇద్దరు మనవరాళ్ళనీ వెంటబెట్టుకొచ్చారు. నలుగురూ ఊపిరి బిగబట్టి నించున్నారు. చెప్పుల షాపు ముందు ఒకావిడ్ని అడిగితే "ఏం, నా మొహానికేం వచ్చింది?" అంది. కెమెరా చంకలో పెట్టుకుని పరిగెత్తాను. మర్యాద చాలా కష్టమైన పని అమ్మా.

ఇట్లు,
నేర్చుకుంటున్న అబ్బాయి

తా.క.: పట్టీ కొంచెం వెడల్పయింది. ఎవరైనా ఏమైనా అనుకుంటే పట్టించుకోకండి.

*

ఓరి నాయనా,

కళ్ళకి నల్ల పట్టీ వేసి పేపర్లో ఎవర్ని వేస్తారో నీకు తెలియదూ? దొంగల్ని! కన్నతల్లి పోల్చుకోలేదేమో కానీ, నేను కుట్టిన కోటుని నా కస్టమర్లందరూ పోల్చుకున్నారు. నిన్న పొద్దున్నే ముగ్గురు వచ్చి, సగం కుట్టిన బట్టలు సగంలోనే పట్టుకుపోయారు. ఒకావిడ గుండీలు కూడా లెక్కపెట్టుకుంది. నా కత్తెరకి ముప్ఫై ఏళ్ళ మంచిపేరు ఉంది బాబూ. జానెడు నల్ల కాగితంతో కత్తిరించేశావు.

ఇంట్లో అందరూ తలో మాటా అంటున్నారు. మా తోటికోడలు ఒక్కతే నోరు మెదపకుండా కూరలు తరుగుతోంది. నా పరువు పోతుంటే దానికి కూరలు!

ఇక చాలు. లైబ్రరీవాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఫొటో దింపి, దాని రీలుతో సహా నాకు పంపు. నా చేత్తో కత్తిరిస్తాను.

ఇట్లు,
నీ పుణ్యమా అని దొంగనైన మనిషి

తా.క.: 'మర్యాద కష్టం' అన్నావు. అమర్యాద నీకెంత సులువుగా వచ్చిందో చూశావా?

*

అమ్మగారికి పాదాభివందనాలు.

ఫొటో దింపేశాను. మీ ఇంటి తలుపు మీద అతికించడానికి, మీరు దొంగ కాదని, తప్పంతా నాదని రాసి సంతకం పెట్టి ఇస్తున్నాను. రీలు కూడా ఇందులోనే పెట్టాను.

ఒక్క చిన్న అనుమానం. రీలు డబ్బా మీద నేను 'గురువారం, సాయంత్రం' అని రాసుకున్నాను. మీరేమో మంగళవారం అంటున్నారు. నేనే పొరబడ్డానేమో. అదే రీలులో తరవాతి ఫొటో ఒకటుంది, కడిగించి జతచేశాను. అందులో మీరు పూర్తిగా ఇటు తిరిగి, కెమెరాలోకి చూస్తూ నవ్వుతున్నారు. అంటే నన్ను చూశారా?

ఇట్లు,
అయోమయంలో ఉన్న
కెమెరా అబ్బాయి

తా.క.: నవ్వితే మీ బుగ్గన సొట్ట పడుతుంది. మొదటి ఫొటోలో కనపడలేదు.

*

చిరంజీవి కెమెరా అబ్బాయికి,

నాకు సొట్ట లేదు.

నువ్వు పంపిన ఫొటో చూసి కుట్టుమిషను ఆపేశాను. తరవాత లేచి వంటింట్లోకెళ్ళి, కూరలు తరిగే పీట మీద దాన్ని పెట్టాను. మా తోటికోడలు కత్తి ఆపింది.

"నువ్వేనా?"

"నేనే అక్కా."

"గురువారం కంటి పరీక్షకని వెళ్తావు కదే!"

"నువ్వు మోకాలికి వెళ్ళినట్టే."

మేమిద్దరం ఒకే వంటింట్లో ముప్ఫై ఆరేళ్ళుగా ఉన్నాం బాబూ. ఆ కోటు తలుపు వెనక వేలాడుతుంది, ముందు బయటపడ్డవాళ్ళదే. మరి నెలరోజులుగా ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"గోడ మీద ఉన్నది నేనేనని నువ్వు అంత గట్టిగా చెబుతుంటే, మధ్యలో నేనెందుకు దొరికిపోవాలి? అయినా ఆ అబ్బాయి తియ్యడం చూశాను. పాపం, మొహమాటపడుతూ స్తంభం చాటున నించున్నాడు. కొంచెం దిగులుగా మొహం పెడితే బాగా వస్తుందని పెట్టాను. తీసేశాక నవ్వు ఆగలేదు."

నీ కళ్ళలో నీళ్ళు తెప్పించిన దిగులు అదీ!

"ఇంతకీ ఎవరి నుంచి పారిపోతున్నావే అక్కడికి?"

అది తలొంచుకుని "నీ నుంచే అక్కా" అంది.

"ఓసి నీ! నేనూ నీ నుంచేనే!"

ఇద్దరం నేలమీద కూలబడి నవ్వాం. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు. పాలు పొంగాయని చెప్పాం.

నువ్వు రాసిచ్చిన కాగితం తలుపుకి అతికించాను, సగం బట్టలు తిరిగొచ్చాయి. మిగతా సగం మా తోటికోడలు వీధివీధీ తిరిగి తెచ్చింది. నిన్న ఇద్దరం కలిసి బెంచీకి వెళ్ళాం. ఐదు నిమిషాలు మాట్లాడుకోలేదు, పది నిమిషాలు పోట్లాడుకున్నాం, మిగతాదంతా మా ఆయన్ని వెక్కిరించుకున్నాం. ప్రాణానికి హాయిగా ఉంది.

నవ్వుతున్న ఫొటో నువ్వు గోడకి పెట్టుకోవచ్చని తోటికోడలు తన చేత్తో రాసి, వేలిముద్ర కూడా వేసింది. సంతకం వచ్చు, సరదాకి వేసింది. కింద పేరేమీ రాయకు. నీకు పేర్లు అచ్చిరావు.

ఇట్లు,
గోడ మీద లేని మనిషి

తా.క.: మా బావగారు శనివారాలు పంటి డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయనకి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. శనివారం మాత్రం కెమెరా ఇంట్లో పెట్టుకో.